మాహిరా ఖాన్ మీద తెలుగు వికీ వ్యాసం: ఏది సీరియల్, ఏది సినిమా, నిర్మాత ఎవరు?

పట్టికల_పంతులు (ప్రశ్న)

పాకిస్తానీ నటి మాహిరా ఖాన్ మీద తెలుగు వికీలో పెట్టడానికి వ్యాసం రాస్తున్నా. నటించినవి ఒక పట్టిక, నిర్మించినవి ఇంకో పట్టిక అనుకుని మొదలుపెడితే మొదటి పది వరుసల్లోనే లెక్క తప్పింది.

‘బిన్ రోయే’ని సినిమాల్లో వేయాలా, సీరియళ్లలో వేయాలా? తొలి సీరియల్ ‘హమ్‌సఫర్’ అని రాసేశాక ‘నీయత్’ అని ఇంకోటి బయటపడింది. ఇక నిర్మాత సంగతి. మొదటి వాక్యంలో ‘నటి, నిర్మాత’ అని రాస్తే, ఏం నిర్మించిందో కింద చూపించాలి కదా. ‘సూపర్‌స్టార్’, ‘బిన్ రోయే’ ఆమె ఖాతాలో వేయొచ్చా? పేర్ల గొడవ సరేసరి. మహిరానా, మాహిరానా? హమ్‌సఫరా, హుమ్‌సఫరా?

తెలిసినవాళ్లు చెప్పండి. అభిమానుల పొగడ్తలు వద్దు, పట్టికలోకి ఎక్కే సంగతులు కావాలి.

రాత్రి_ఎనిమిది

ముందు వరస సరిచేసుకోండి, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

తెర మీదికి వచ్చింది నటిగా కాదు, వీజేగా, అంటే పాటల చానల్ వ్యాఖ్యాతగా. 2006లో ఎంటీవీ పాకిస్తాన్‌లో ‘మోస్ట్ వాంటెడ్’ కార్యక్రమం, 2008లో ఆగ్ టీవీలో ‘వీకెండ్స్ విత్ మాహిరా’. అందుకే సమాచారపెట్టెలో ‘క్రియాశీల సంవత్సరాలు’ దగ్గర 2006 నుంచి అని ఉండాలి. 2011 అని వేస్తే అది నటన మొదలైన ఏడాది మాత్రమే.

2011 ఒక్క ఏడాదిలోనే మూడు మొదళ్లు ఉన్నాయి, మీరు తికమకపడింది అక్కడే. తొలి సినిమా ‘బోల్’, షోయబ్ మన్సూర్ దర్శకత్వం, జూన్ 2011 విడుదల. అందులో ఆమెది ఆయేషా పాత్ర. కథను నడిపించే అక్క జైనబ్ పాత్ర హుమైమా మలిక్‌ది. కాబట్టి ‘బోల్ కథానాయిక’ అని రాయొద్దు. తొలి సీరియల్ ‘నీయత్’, మెహరీన్ జబ్బార్ దర్శకత్వం, అదే ఏడాది హమ్ టీవీలో, హుమాయూన్ సయీద్ సరసన. ఆ తరవాత 2011 సెప్టెంబర్ 24న ‘హమ్‌సఫర్’ మొదలై 2012 మార్చి 3న ముగిసింది. మొత్తం 23 భాగాలు. ఆమెకు పేరు తెచ్చిన సీరియల్ ఇది. తొలి సీరియల్ మాత్రం కాదు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మీ వరస తిరగబడింది.

‘హమ్‌సఫర్’ వరుసలో ఇవన్నీ పట్టాలి: ఫర్హత్ ఇష్తియాక్ నవల ఆధారం, రచన కూడా ఆ రచయిత్రిదే, దర్శకుడు సర్మద్ ఖూసట్, నిర్మాత మోమినా దురైద్, మాహిరా పాత్ర ఖిరద్, ఫవాద్ ఖాన్ పాత్ర అషర్. ఏడాది గడిలో ‘2011–12’ అని వేయండి. అక్కడి డ్రామాలు ఎక్కువగా వారానికో భాగం చొప్పున ఐదారు నెలలు నడుస్తాయి కాబట్టి ఏడాది మారడం మామూలే. మన రోజువారీ సీరియళ్ల లెక్కతో భాగాల సంఖ్య చూసి ‘23 భాగాలకే ఆపేశారు’ అని మాత్రం రాయకండి. అది పూర్తి నిడివి. కథకు ముగింపు ముందే రాసి ఉంటుంది.

ఆ తరవాతి సీరియళ్లు: 2012లో ‘షెహ్ర్-ఎ-జాత్’ (ఉమేరా అహ్మద్ రచన, మళ్లీ సర్మద్ ఖూసట్ దర్శకత్వం, పాత్ర ఫలక్), 2014–15లో ‘సద్కే తుమ్హారే’ (ఖలీల్-ఉర్-రెహ్మాన్ కమర్ రచన, ఎహతెషాముద్దీన్ దర్శకత్వం, పాత్ర షానో), 2016లో ‘బిన్ రోయే’ సీరియల్ రూపం, 2021–22లో ‘హమ్ కహాఁ కే సచ్చే థే’ (ఉమేరా అహ్మద్ రచన, ఫారూఖ్ రింద్ దర్శకత్వం, పాత్ర మెహరీన్), 2023లో ‘రజియా’, ఆరు భాగాల చిన్న సీరియల్, ఎక్స్‌ప్రెస్ చానల్‌లో. ‘రజియా’ తప్ప పైవన్నీ హమ్ టీవీవే.

లెక్క చూడండి, పన్నెండేళ్లలో ఏడంటే ఏడు. అక్కడి పెద్ద తారలు కొందరు రెండేళ్లలో అన్ని చేసేస్తారు. ఈ కొరత గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా పడాలని నా అభిప్రాయం. ‘టెలివిజన్ నటి’గా ఇంత పేరున్న మనిషి అసలు టీవీలో కనిపించింది తక్కువ. 2015 తరవాత ఆమె కాలం ఎక్కువగా సినిమాలకే పోయింది.

ఇక ‘బిన్ రోయే’. రెండూ నిజమే. సినిమా 2015 జులైలో ఈద్‌కి విడుదల. అదే కథ, అవే ప్రధాన పాత్రలతో సీరియల్‌గా 2016 అక్టోబర్ నుంచి హమ్ టీవీలో వచ్చింది. సినిమా పట్టికలో ఒకసారి, టీవీ పట్టికలో ఒకసారి వేయండి, రెండు చోట్లా ‘గమనిక’ గడిలో రెండోదాన్ని చూపించండి. పాత్ర పేరు రెంట్లోనూ సబా. ఒక్కచోటే వేస్తే, ఇంకొకరు వచ్చి తప్పనుకుని మార్చేస్తారు, మీరు మళ్లీ సరిచేస్తారు, అదో ధారావాహిక.

టైటిల్_కార్డు

నిర్మాత విషయం నేను చెబుతా, అసలు పీటముడి అక్కడుంది.

‘బిన్ రోయే’, ‘సూపర్‌స్టార్’ ఆమె ఖాతాలో వేయొద్దు. రెంటికీ నిర్మాత మోమినా దురైద్. ‘హమ్‌సఫర్’, ‘షెహ్ర్-ఎ-జాత్’ కూడా ఆవిడవే. మోమినా దురైద్ ఎవరంటే, హమ్ టీవీ స్థాపించిన సుల్తానా సిద్దీఖీ కోడలు, ఎండీ ప్రొడక్షన్స్ యజమాని. మాహిరా సీరియళ్ల పట్టికలో నిర్మాత గడి పెట్టి చూడండి, ఎక్కువ వరుసల్లో ఆ పేరే కనిపిస్తుంది. ఆ గడి పెట్టమనే నా సలహా. ఆమె కెరీర్ ఎవరి చేతుల మీదుగా నడిచిందో వ్యాఖ్య రాయకుండానే చదువరికి తెలిసిపోతుంది.

మాహిరా సొంత సంస్థ పేరు సోల్ ఫ్రై ఫిల్మ్స్. భాగస్వామి నీనా కాషిఫ్. నిర్మాతగా పట్టికలోకి కచ్చితంగా ఎక్కేవి రెండు.

మొదటిది ‘ఏక్ హై నిగార్’. 2021 అక్టోబర్ 23న ఏఆర్‌వై డిజిటల్‌లో ప్రసారం. ఇది సీరియల్ కాదు, సినిమా కాదు, టెలిఫిల్మ్. ఒక్క రాత్రి ప్రసారంతో అయిపోయేది. రచన ఉమేరా అహ్మద్, దర్శకత్వం అద్నాన్ సర్వర్. పాకిస్తాన్ సైన్యంలో లెఫ్టినెంట్ జనరల్ హోదాకు చేరిన తొలి మహిళ నిగార్ జోహర్ జీవితం. ఆమె సైనిక వైద్య విభాగపు డాక్టరు, ఆ హోదా వచ్చింది 2020 జూన్‌లో. మాహిరా ఇందులో నిగార్ పాత్ర కూడా వేసింది, భర్త పాత్ర బిలాల్ అష్రఫ్‌ది. అంటే ఈ పేరు మీ రెండు పట్టికల్లోనూ రావాలి. సైన్యం ప్రచార విభాగం ఐఎస్‌పీఆర్ సహకారంతో తీసినది కాబట్టి ఆ ముక్క గమనికలో పెట్టండి. అది రాయకుండా ‘స్ఫూర్తిదాయక జీవితగాథ’ అని మాత్రమే రాస్తే వ్యాసం ప్రకటనలా తయారవుతుంది.

రెండోది ‘బారవాఁ ఖిలాడీ’. 2022లో తప్మడ్ అనే ఓటీటీలో వచ్చిన క్రికెట్ కథ. పేరుకు అర్థం పన్నెండో ఆటగాడు. దర్శకుడు మళ్లీ అద్నాన్ సర్వరే. ముఖ్య పాత్రలు దాన్యాల్ జఫర్, షహ్‌వీర్ జాఫ్రీ, కింజా హష్మీలవి. దీన్ని నిర్మాణం పట్టికలోనే ఉంచండి. తారాగణం వెతికి ఆమె పేరును నటన పట్టికలోకి లాగొద్దు. ‘టీవీ చానల్’ అనే గడిలో తప్మడ్ అని వేస్తే కూడా తప్పే, గడి పేరు ‘ప్రసార వేదిక’ అని మార్చుకోండి.

మూడోది కాస్త చిక్కు వ్యవహారం. ‘హమ్ కహాఁ కే సచ్చే థే’ టైటిల్స్‌లో ఎండీ ప్రొడక్షన్స్‌తో పాటు సోల్ ఫ్రై ఫిల్మ్స్ పేరూ ఉంటుంది. నిర్మాతలుగా పడే పేర్లు మోమినా దురైద్, నీనా కాషిఫ్. సంస్థ ఆమెది, కార్డు మీద వ్యక్తిగా పేరు భాగస్వామిది. మన తెలుగు సినిమా టైటిల్స్‌లో ‘సమర్పణ’ ఒకరిది, ‘నిర్మాత’ ఇంకొకరు, బ్యానర్ మూడోవారిది అయినప్పుడు ఎలా విడివిడిగా రాస్తామో అలాగే రాయాలి. నిర్మాత గడిలో ఆ ఇద్దరి పేర్లు, సంస్థ గడిలో రెండు సంస్థల పేర్లు. ‘మాహిరా నిర్మించిన సీరియల్’ అని వాక్యంలో రాయొద్దు. ‘ఆమె సంస్థ సహనిర్మాణంలో’ అనొచ్చు.

వీడియోలో సరిచూసుకునేటప్పుడు జాగ్రత్త. మొదటి భాగం టైటిల్స్‌నే నమ్మండి. చానళ్లు తరవాతి భాగాలకు టైటిల్స్ కత్తిరిస్తాయి, యూట్యూబ్ వివరణలో ప్రకటనదారు పేరును ‘ప్రెజెంటెడ్ బై’ అని నిర్మాత కన్నా పైన పెడతాయి. డిటర్జెంట్ కంపెనీని నిర్మాతగా రాసే ప్రమాదం నిజంగానే ఉంది.

అలిఫ్_బే

లిపి గొడవ నా వంతు. ఒకటే సూత్రం: ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తెలుగులో రాయకండి, ఉర్దూ స్పెల్లింగు చూసి రాయండి. పాకిస్తానీలు ఇంగ్లీషులో రాసే పద్ధతి మనల్ని దారి తప్పిస్తుంది.

ఆమె పేరులో మీమ్ (మ) పక్కన అలిఫ్ (ఆ) ఉంది, కాబట్టి దీర్ఘం. మాహిరా. ‘నేర్పరి’ అనే అర్థం కూడా ఆ దీర్ఘంతోనే వస్తుంది. ‘మహిరా’ అనే పేరుకు ఒక దారిమార్పు పేజీ పెట్టేయండి, వెతికేవాళ్లు దొరకబుచ్చుకుంటారు.

‘హుమ్’ కాదు, ‘హమ్’. మనం అనే మాట. హమ్ టీవీ, హమ్‌సఫర్, హమ్ కహాఁ, అన్నీ అలాగే పలుకుతాయి; హమ్‌సఫర్‌లో మాత్రం ‘హమ్’ అంటే ‘తోడు’. 2017లో వచ్చిన సినిమాను ఇంగ్లీషులో చూసి ‘వెర్నా’ అని రాస్తారు. అది ‘వర్నా’, ‘లేకపోతే’ అని అర్థం. ‘ఐక్ హై నిగార్’ అనీ రాయొద్దు, ఆ ‘ఐక్’ మనకు తెలిసిన ‘ఏక్’ మాత్రమే.

‘షెహ్ర్-ఎ-జాత్’లో ‘జ’ను రోజు అనే మాటలో పలికినట్టు పలకాలి. ౙ అనే గుర్తు ఉన్నా అది పెడితే సగంమందికి ఫాంటు డబ్బాగా కనిపిస్తుంది. జ చాలు. కానీ అర్థం మాత్రం రాయండి. ‘జాత్’ చూడగానే తెలుగువాళ్లకు కులం గుర్తొస్తుంది. ఉర్దూలో ఆ మాటకు ఆ అర్థమూ ఉంది. ఇక్కడ మాత్రం ‘తాను, ఆత్మ’ అని. ఆత్మనగరం అనుకోవచ్చు.

‘కమర్’, ‘సద్కే’లో ఉన్నది కాఫ్ అనే పెద్ద అక్షరం. మన హైదరాబాద్ దక్కనీ నోట అది ‘ఖ’ అవుతుంది, అందుకే తెలంగాణ పత్రికల్లో అలాంటి పేర్లు ఖ తో కనిపిస్తాయి. దీనివల్ల ‘ఖలీల్-ఉర్-రెహ్మాన్ ఖమర్’ అని రాస్తే, వేరువేరు అక్షరాలు రెండూ ఒకటైపోతాయి. క అని ఒకసారి నిర్ణయించుకుంటే వ్యాసమంతా అలాగే ఉంచండి. పైన రాత్రి_ఎనిమిది గారు ‘కమర్’ అని, పక్కనే ‘ఫారూఖ్’ అని రాశారు. ఫారూక్ చివరా అదే అక్షరం, చూసుకోండి. టైటిల్_కార్డు గారి ‘సిద్దీఖీ’ కూడా ఇదే బాపతు.

అన్నిటికన్నా పెద్ద గుంట ఇంకోటి. ‘హమ్‌సఫర్’లో ఖిరద్ పుట్టిల్లు హైదరాబాద్. లింకు పెట్టేటప్పుడు చార్మినార్ ఉన్న హైదరాబాద్‌కి పోయేలా పెట్టకండి. అది సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్, కరాచీకి ఈశాన్యాన ఉంటుంది. కథకు ఆ ఊరు అవసరం కూడా. కరాచీ బంగళాలో అషర్ తల్లి ఫరీదా ముందు ఖిరద్ నిలబడిన ప్రతిసారీ, చిన్న ఊరి నుంచి వచ్చిన మధ్యతరగతి పిల్ల అన్న తక్కువతనమే ఆ గదిలో నడుస్తుంటుంది. ఆమె గొంతు పెంచదు, దుపట్టా సర్దుకుని సమాధానం చెబుతుంది. అనుమానంతో అర్ధరాత్రి ఇంట్లోంచి గెంటేసినప్పుడు ఆమె వెనక నిలబడే మనిషి ఎవరూ లేరన్నది ఆ ఊరి దూరం వల్లే బలంగా తగులుతుంది. లింకు తప్పితే ఈ తూకమంతా పోతుంది.

అనువాద పరికరం వాడుతున్నట్టయితే రెండు మాటలు తప్పక దిద్దండి. పాకిస్తాన్‌లో ‘డ్రామా’ అంటే టీవీ సీరియల్. పరికరం దాన్ని ‘నాటకం’ చేస్తుంది, అప్పుడామె రంగస్థల నటి అయిపోతుంది. ‘ఫవాద్ ఖాన్‌కు ఎదురుగా నటించింది’ అని వస్తే ‘సరసన’ చేయండి. ఎదురుగా అంటే విలన్ అనుకుంటారు.

పట్టికల_పంతులు

అందరికీ దండాలు. ఫారూక్ దిద్దుకున్నా, సింధ్ లింకు మార్చా.

ఇంకో విభాగం మిగిలింది. భారత్‌లో ఆమె పని, దాని మీద వచ్చిన ఆంక్షలు. ‘నిషేధం’ అని ఒక్క మాట రాస్తే సరిపోతుందా? ఎవరు నిషేధించారు, ఎప్పుడు అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

రాత్రి_ఎనిమిది

ఖ తప్పు నాదే, ఒప్పుకున్నా.

ఒక్క మాటతో సరిపోదు. వేరువేరు సంస్థలు, వేరువేరు ఏళ్లు. తేదీల వరసలో పెడితేనే అర్థమవుతుంది.

పాకిస్తానీ సీరియళ్లు చూపించిన మన దేశపు చానల్ జిందగీ 2014 జూన్‌లో మొదలైంది. అదే ఏడాది ‘హమ్‌సఫర్’ అక్కడ ప్రసారమైంది. మన ప్రేక్షకులకు ఆమె తెలిసింది అలా, పాకిస్తాన్‌లో వచ్చిన మూడేళ్లకు. 2016 సెప్టెంబర్‌లో ఉరీ దాడి తరవాత ఆ చానల్ పాకిస్తానీ సీరియళ్లు ఆపేసింది, అది చానల్ తీసుకున్న నిర్ణయం. దాదాపు అదే సమయంలో ముంబయి నిర్మాతల సంఘం ఇంపా పాకిస్తానీ కళాకారులతో పనిచేయొద్దని తీర్మానించింది. అది సంఘం తీర్మానం, చట్టం కాదు. అప్పటికే షారుఖ్ ఖాన్ ‘రయీస్’ షూటింగు చాలావరకు అయిపోయింది. సినిమా 2017 జనవరి 25న విడుదలైంది, ఆమె పాత్ర ఆసియా. ప్రచారానికి ఆమె ఇక్కడికి రాలేదు. పాకిస్తాన్‌లో అక్కడి సెన్సారు అనుమతి ఇవ్వక సినిమా ఆడలేదు. అంటే ఆమె హిందీ సినిమాను ఆమె సొంత దేశమే చూపించలేదు. ‘భారత్‌లో నిషేధం’ అని శీర్షిక పెడితే ఈ ముక్క జారిపోతుంది. ‘ఆంక్షలు’ అని పెట్టండి.

పాకిస్తానీ కళాకారులను పూర్తిగా నిషేధించాలన్న పిటిషన్‌ను బాంబే హైకోర్టు 2023 అక్టోబర్‌లో కొట్టేసింది, సుప్రీంకోర్టు నవంబర్‌లో ఆ తీర్పులో జోక్యానికి ఒప్పుకోలేదు. అయినా ‘ది లెజెండ్ ఆఫ్ మౌలా జట్’ (2022, బిలాల్ లాషారీ దర్శకత్వం, పంజాబీ, ఆమె పాత్ర ముఖ్ఖో) ఇక్కడ విడుదల కాలేదు. 2022 చివర్లో ఒకసారి, 2024 అక్టోబర్‌లో మరోసారి విడుదల ప్రకటించి ఆగిపోయింది. కోర్టు తీర్పు ఒకటి, థియేటర్ల వాస్తవం ఇంకోటి. రెంటినీ పక్కపక్కన పెట్టండి.

2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తరవాత పాకిస్తానీ చానళ్ల యూట్యూబ్ పేజీలు, ఆమె ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఇక్కడ కనిపించకుండా పోయాయి. మే 8న సమాచార, ప్రసార శాఖ ఓటీటీలకు పాకిస్తానీ కంటెంటు ఆపమని సూచన ఇచ్చింది. ఆ రోజుల్లోనే మ్యూజిక్ యాప్‌లలో ‘రయీస్’ ఆల్బమ్ బొమ్మ మీంచి ఆమెను తీసేశారు. బొమ్మలో షారుఖ్ ఒక్కడే మిగిలాడు.

టైటిల్_కార్డు

పై దానికి ఒక ఉపయోగకరమైన తోక. యూట్యూబ్ లింకులు మూలాలుగా ఇస్తే మన దేశంలో చాలావాటికి పేజీ తెరుచుకోకపోవచ్చు, ఎవరో వచ్చి ‘చచ్చిన లింకు’ మూస తగిలిస్తారు. పత్రికా వార్తను మొదటి మూలంగా పెట్టి, వీడియోను రెండోదిగా ఉంచండి. పత్రిక లింకుకు ఆర్కైవు ప్రతి కూడా ఇప్పుడే చేసి పెట్టుకోండి, తరవాత చేద్దామనుకుంటే ఆ పేజీయే ఉండదు.

మూడో పట్టిక పెట్టే ఆలోచన ఉంటే మానేయండి. దుస్తుల బ్రాండు, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకు 2019లో సౌహార్ద రాయబారి కావడం, ఇవన్నీ ఒక పేరాలో సరిపోతాయి. ప్రకటించి ఇంకా రానివాటికి వరుసలు కేటాయించొద్దు. అక్కడ ప్రకటనకూ ప్రసారానికీ మధ్య ఏళ్లు పడుతుంది. ‘మౌలా జట్’కే హక్కుల కేసు, ఆపైన కరోనా కలిసి ఎంత ఆలస్యమైందో చూశాం.

పట్టికల_పంతులు

సరే, ఇలా పెడుతున్నా. తొలి వాక్యం: ‘పాకిస్తానీ నటి, టెలివిజన్ నిర్మాత’. క్రియాశీల సంవత్సరాలు 2006 నుంచి. నిర్మాణం పట్టికలో రెండే వరుసలు, ‘ఏక్ హై నిగార్’, ‘బారవాఁ ఖిలాడీ’. ‘హమ్ కహాఁ కే సచ్చే థే’ టీవీ పట్టికలోనే, సంస్థ గడిలో సోల్ ఫ్రై పేరుతో. ‘మహిరా ఖాన్’ నుంచి దారిమార్పు ఇచ్చేశా. ‘హుమ్‌సఫర్’ నుంచి కూడా ఇవ్వనా?

అలిఫ్_బే

ఇవ్వండి. అందరూ వెతికేది ఆ తప్పు స్పెల్లింగుతోనే.